భయభక్తుల బాల్యాన్ని స్టాండప్ కామెడీగా చెప్పడం ఎలా?

భయభక్తుల మధ్య పెరిగిన మనిషికి పెద్దయ్యాక ఆ బాల్యం గురించి మాట్లాడుకోవడానికి చోటు దొరకడం కష్టం. మతంలో కొనసాగుతున్న బంధువుల దగ్గర నోరు విప్పితే అది దూషణగా వినిపిస్తుంది. ఆ మతంతో పరిచయం లేని స్నేహితులకు చెబితే వింత కథగా మిగిలిపోతుంది. ఈ ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఐదు నిమిషాలపాటు మీ మాట వినేలా చేయగల కళ స్టాండప్ కామెడీ. దేవుడి కథ మధ్యలో నవ్వు తెలుగువారికి కొత్త కూడా కాదు. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుండగానే కేతిగాడు, బంగారక్క వచ్చి నవ్వించి పోతారు. గోల్కొండ చెరసాలలో రామదాసు రాముణ్ణి నిలదీసి లెక్క అడిగాడు. నిందాస్తుతి అనే పేరుతో దేవుణ్ణి దెప్పిపొడిచే పద్యాలు రాసినవారు భక్తులే. అయితే స్టాండప్‌లో బొమ్మ ఉండదు, పాత్ర ఉండదు, ఛందస్సు ఉండదు. మీ పేరుతో, మీ ముఖంతో, మీ ఇంటి సంగతి మీరే చెప్పాలి. అందుకే దీనికి కొంత పద్ధతి అవసరం.

నేను పెరిగింది కోస్తా ఆంధ్రలో ఒక పెంతెకోస్తు క్రైస్తవ కుటుంబంలో కాబట్టి ఇందులోని ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే. మీది నిత్య పూజలు, మడి, వ్రతాలు నడిచే ఇల్లు కావచ్చు, ఐదు పూటల నమాజు తప్పని ఇల్లు కావచ్చు. పద్ధతి మాత్రం అందరికీ ఒకటే. ఆ మతాన్ని మనసారా నమ్మిన పిల్లవాడు ఎలా ఆలోచించాడో పొల్లుపోకుండా చెప్పగలిగితే నవ్వూ వస్తుంది, బరువూ దిగుతుంది. మతం తప్పని వేదిక మీద నిరూపించబోతే రెండూ రావు.

మొదలుపెట్టే ముందు చూసుకోవలసినది

ప్రతి జ్ఞాపకమూ వేదిక మీదికి తేవలసినది కాదు. మతం పేరుతో మీ మీద శారీరకమైన లేదా లైంగికమైన హింస జరిగి ఉంటే, ఆ సంగతి తలచుకుంటేనే ఊపిరి ఆడనట్టు ఉంటే, నరకం గురించిన భయం ఇప్పటికీ నిద్ర చెడగొడుతుంటే, ముందు ఒక కౌన్సెలర్‌తో మాట్లాడండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఫోన్ చేసి, రోజులో ఏ వేళనైనా తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. వేదిక ముందు కూర్చున్నవారు టికెట్టు కొనుక్కుని, టీ తాగుతూ, నవ్వుదామని వచ్చినవారు. మిమ్మల్ని పట్టుకుని నిలబెట్టే బాధ్యత వారి మీద వేయకూడదు.

దూరం కూడా చూసుకోవాలి. 2012లో అమెరికాను శాండీ తుపాను ముంచెత్తినప్పుడు పీటర్ మెక్‌గ్రా అనే పరిశోధకుడు తన సహచరులతో కలిసి, ఆ తుపాను మీద వచ్చిన జోకులు ఏ సమయంలో ఎంత నవ్వు తెప్పిస్తున్నాయో కొలిచాడు. విపత్తు కొత్తగా ఉన్నప్పుడు నవ్వు రాలేదు. నెల దాటాక బాగా వచ్చింది. మరికొన్ని వారాలు గడిచాక మళ్ళీ తగ్గిపోయింది. బాల్యపు గాయాల విషయంలో ఈ లెక్క నెలల్లో కాక ఏళ్ళలో నడుస్తుంది. నమ్మదగిన స్నేహితుడొకరికి ఆ సంఘటన మామూలుగా చెప్పి చూడండి. గొంతు పూడుకుపోయినా, కోపంతో మాట వేగం పెరిగినా ఆ సంగతికి ఇంకా సమయం రాలేదని అర్థం. దానిని పక్కన పెట్టి మరొకటి తీసుకోండి. భక్తి నిండిన ఇంట్లో కథలకు కొదవ ఉండదు.

మొదట మీ కోసమే రాసుకోండి

జోకు రాయాలన్న ఆలోచన లేకుండా ముందు కొన్ని రోజులు రాయండి. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగంలో, కళాశాల విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాల చొప్పున తమను కలచివేసిన సంఘటనల గురించి రాశారు. ఏం జరిగిందో, అప్పుడు ఏమనిపించిందో రెండూ కలిపి రాసినవారికి రాసిన వెంటనే మనసు బరువెక్కింది కాని, ఆ తర్వాతి నెలల్లో వారు వైద్యం కోసం వెళ్ళిన సందర్భాలు తగ్గాయి. మీరూ అదే కొలత పాటించవచ్చు. నాలుగు రోజులు, పదిహేను నిమిషాలు, ఎవరికీ చూపించనవసరం లేని ఒక నోటు పుస్తకం. అందులో కోపం ఉండవచ్చు, తిట్లు ఉండవచ్చు, ప్రార్థన కూడా ఉండవచ్చు. తీర్పులన్నీ ఆ పుస్తకంలో దించేసుకుంటే, అవి వేదిక మీదికి వచ్చి హాస్యాన్ని పాడుచేయవు.

ఆ తర్వాత రెండో జాబితా మొదలుపెట్టండి. ఇందులో అభిప్రాయాలు ఉండకూడదు. చేత్తో పట్టుకోగలిగినవి, చెవితో విన్నవి, నోట్లో వేసుకున్నవి మాత్రమే ఉండాలి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్ళెంలోంచి ఒక్కొక్కరు ఒక్కొక్కటి తీసుకునే వాగ్దానం కార్డు, ఆ ఏడాదంతా అది అద్దం మూలన దోపి ఉండటం, అన్నకు విజయం గురించిన వాక్యం వచ్చి మీకు ఓర్పు గురించిన వాక్యం రావడం. పదో తరగతి హాల్ టికెట్టు మీద పాస్టరుగారు చెయ్యి పెట్టి చేసిన ప్రార్థన. ఉపవాస ప్రార్థన జరిగే శుక్రవారం నాడు పక్కింట్లోంచి వచ్చే పోపు వాసన. వినాయక చవితికి ఎదురింటివారు ప్రేమగా తెచ్చిచ్చిన ఉండ్రాళ్ళను అమ్మ నవ్వుతూ అందుకుని, వారు వెళ్ళగానే మీకు అందని ఎత్తులో పెట్టేయడం. ఇవి రాస్తున్నప్పుడు చేతికి పని తగులుతుంది. ‘మా ఇంట్లో మతం ఎక్కువ’ అని రాసుకుంటే తగలదు.

మీది వ్రతాలు చేసే ఇల్లయితే, సత్యనారాయణ వ్రత కథలో కళావతి ప్రసాదం తీసుకోకుండా పరిగెత్తినందుకు భర్త ఎక్కిన పడవ మునిగిపోయిన ఘట్టం గుర్తు చేసుకోండి. ఆ కథ విన్న పిల్లలు ప్రసాదాన్ని ఎంత భయంగా, ఎంత వేగంగా మింగారో మీకు తెలుసు. ముస్లిం ఇల్లయితే, రెండు భుజాల మీద కూర్చుని మంచీ చెడూ రాసే ఇద్దరు దేవదూతలు ఉన్నారు. ఎడమ భుజం మీద ఉన్నవారికి పని ఎక్కువైపోతోందని దిగులుపడిన పిల్లల మాటలు చాలా ఇళ్ళలో దొరుకుతాయి.

పిల్లవాడి తర్కాన్ని చివరిదాకా నడవనివ్వండి

అసలైన పని ఇక్కడ ఉంది. మత బోధ పిల్లల చెవిన పడినప్పుడు వాళ్ళు దానిని ఉపమానంగా తీసుకోరు, వార్తగా తీసుకుంటారు. పెద్దలు ఆదివారం తలూపి సోమవారం మరచిపోయే మాటను పిల్లలు సోమవారం నాడు అమలు చేయబోతారు. ఆ పిల్లవాడు తెలివితక్కువవాడు కాడు. చెప్పినదంతా నిజమైతే అతను చేసినదే సరైన పని. ఈ సంగతి మీరు మనస్ఫూర్తిగా ఒప్పుకున్న రోజున జోకు సగం తయారైనట్టే.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. పెంతెకోస్తు, బ్రదరెన్ సంఘాల్లో పెరిగినవారికి ‘ఎత్తబడుట’ అనే బోధ బాగా తెలుసు. ఏ క్షణంలోనైనా యేసు వస్తాడు, నిజమైన విశ్వాసులు ఉన్నపాటున మాయమై ఆకాశానికి వెళ్ళిపోతారు, మిగిలినవారు మహాశ్రమల్లో చిక్కుకుంటారు. బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేకపోతే గుండె జారిపోయిన అనుభవం ఆ సంఘాల పిల్లల్లో ఎందరికో ఉంది. దాని మీద కొత్తవారు సాధారణంగా రాసే మొదటి ప్రతి ఇలా ఉంటుంది: ‘మా చర్చిలో పిల్లల్ని భయపెట్టేవాళ్ళండి. రెండో రాకడ అని చెప్పి మా బుర్రలు పాడుచేశారు.’ ఇందులో నవ్వడానికి ఏమీ లేదు. ఇది ఫిర్యాదు. ప్రేక్షకులు దీనికి జాలిపడాలో, ఒప్పుకోవాలో, అభ్యంతరం చెప్పాలో తేల్చుకుంటూ కూర్చుంటారు.

ఇప్పుడు అదే సంగతిని పిల్లవాడి కళ్ళతో, వరుసగా, వస్తువులతో చెప్పి చూడండి.

‘స్కూలు నుంచి వచ్చాను. తలుపు తీసే ఉంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. గుమ్మం దగ్గర అమ్మ చెప్పులున్నాయి. అమ్మ లేదు. మీరైతే అమ్మ ఎక్కడికెళ్ళిందో అనుకుంటారు. నేను, అమ్మ వెళ్ళిపోయింది, నేను మిగిలిపోయాను అనుకున్నాను. నాన్న ఉన్నారేమో చూద్దామనిపించింది. కానీ నాన్న ఉంటే ఏం లాభం? సిగరెట్లు కాలుస్తారు. ఆయన ఎలాగూ ఉంటారు. నాకు కావలసింది పక్కాగా వెళ్ళిపోయే మనిషి. పాస్టరమ్మగారు. ఆవిడ ఇంకా ఇక్కడే ఉంటే లోకం క్షేమం. పరిగెత్తాను. దారిలో సంఘపెద్దగారు ఎదురొచ్చి, ఏరా, ఎక్కడికీ అన్నారు. నాకు ధైర్యం రాలేదు. ఆయన ఇక్కడ ఉండటం దేనికీ రుజువు కాదు.’

ఇక్కడిదాకా వచ్చాక ఆపేయాలనిపిస్తుంది, ఎందుకంటే సంఘపెద్దగారి దగ్గర గట్టి నవ్వు వస్తుంది. ఆపకండి. పిల్లవాడి భయం ఇంకా తీరలేదు కాబట్టి తర్కమూ ఆగదు. మత్తయి సువార్త 24వ అధ్యాయంలో ఇద్దరు స్త్రీలు తిరగలి విసురుతుండగా ఒకతె కొనిపోబడుతుంది, మరొకతె విడిచిపెట్టబడుతుంది. ఆ వాక్యాన్ని సండే స్కూల్లో కంఠతా పట్టించిన పిల్లవాణ్ణి పక్కింటి పెరట్లోకి తీసుకెళ్ళండి.

‘పక్కింట్లోకి తొంగిచూశాను. రుబ్బురోలు దగ్గర పిన్నిగారు ఒక్కరే కూర్చున్నారు. ఎదురుగా ఇంకో పీట ఉంది. ఖాళీగా. ఇద్దరు విసురుతుంటే ఒకరిని తీసుకెళ్ళి ఒకరిని వదిలేస్తారని మొన్న ఆదివారమే ఒప్పజెప్పాను. పెన్సిలు కూడా ఇచ్చారు. ఇంతలో అమ్మ లోపల్నుంచి పప్పు గిన్నెతో వచ్చింది. నువ్వు వెళ్ళలేదా అన్నాను. ఎక్కడికి రా అంది. పైకి అన్నాను. చీపురు తీసింది.’

ఈ రెండు ముక్కల్లో మతం మీద ఒక్క వ్యాఖ్యానం కూడా లేదు. ఎవరినీ మోసగాడని అనలేదు. అయినా ఏడెనిమిదేళ్ళ పిల్లవాడు ఎంత భయం మోశాడో ప్రతి ఒక్కరికీ అర్థమైపోయింది. నమ్మిక ఉన్నవారు కూడా నవ్వగలరు, ఎందుకంటే వారూ ఆ వీధిలో పరిగెత్తినవారే. మెక్‌గ్రా, కేలబ్ వారెన్ 2010లో ప్రచురించిన సిద్ధాంతం ప్రకారం, ఉండవలసిన తీరు ఏదో చెడినట్టు అనిపించి, అదే క్షణంలో దానివల్ల ప్రమాదం లేదని కూడా అనిపించినప్పుడు మనిషి నవ్వుతాడు. ఇక్కడ లోకం అంతమైపోయిందన్న భయం ఒక పక్క, ఉడుకుతున్న అన్నం మరో పక్క ఉన్నాయి. అన్నం ఉడుకుతోందని ముందే చెప్పినందువల్ల అమ్మ దగ్గరలోనే ఉందని ప్రేక్షకులకు తెలుసు, పిల్లవాడికి తెలియదు. ఆ వివరం తీసేస్తే గదిలో బెంగ మాత్రమే మిగులుతుంది.

మీ ముక్క రాసేటప్పుడు ఒక్కొక్క వాక్యం దగ్గర ఆగి, ఇదే నిజమైతే పిల్లవాడు తర్వాత ఏం చేస్తాడు అని అడగండి. జవాబు వచ్చినంతకాలం రాస్తూ పోండి. సిద్ధాంతాన్ని కచ్చితంగా చెప్పండి. వాక్యం తప్పుగా చెబితే లోపలివారు ఆ తప్పు దగ్గరే ఆగిపోతారు, మీకు ఆ ఇల్లు తెలియదనుకుంటారు. అమెరికాలో జార్జ్ కార్లిన్ అనే స్టాండప్ కమెడియన్ తన క్యాథలిక్ బాల్యం మీద చెప్పిన హాస్యానికి బలం ఈ కచ్చితత్వంలోనే ఉంది. శుక్రవారం మాంసం తినకూడదన్న నియమాన్ని అక్కడి బిషప్పులు 1966లో సడలించాక, అంతకుముందు తిని నరకానికి పోయినవారి సంగతేమిటని ఆయన అడిగాడు. ఆ ప్రశ్న క్యాథలిక్ బడిలో చదివిన కుర్రవాడికి తప్ప మరొకరికి తట్టదు.

భాష విషయంలో రెండు మాటలు. తెలుగు బైబిలు, వ్రత కథలు, ప్రవచనాలు గ్రాంథికానికి దగ్గరగా ఉంటాయి. ఇంటి మాట వేరుగా ఉంటుంది. పిల్లవాడు ఒకదానిలోంచి రెండోదానిలోకి జారే చోట నవ్వు సిద్ధంగా ఉంటుంది. అలాగే తెలుగు వాక్యంలో క్రియ చివరకు వస్తుంది కాబట్టి, ‘కాదు’, ‘లేదు’ లాంటి మాటతో మొత్తం అర్థాన్ని ఆఖరి క్షణంలో తిప్పవచ్చు. ఆ మాట తర్వాత ‘అన్నమాట’, ‘అని నా ఉద్దేశం’ లాంటి తోకలు తగిలించకండి.

పాస్టరుగారినో, పురోహితుణ్ణో, ఆలిమ్‌సాబ్‌నో అనుకరించాలన్న ఆశ బలంగా పుడుతుంది. గొంతు అనుకరణ సులువు కాబట్టి అందరూ చేస్తారు. దానికి బదులు ఒక పరిస్థితిని పట్టుకోండి. సువార్త కూటాల్లో ఇంగ్లీషులో మాట్లాడే ప్రసంగీకుడి పక్కన నిలబడి, వాక్యం వాక్యం తెలుగు చేసే సహోదరుడిని మీరు చూసి ఉంటారు. ప్రసంగీకుడు గర్జిస్తే తానూ గర్జించి, ఆయన గుసగుసలాడితే తానూ గుసగుసలాడే ఆ మనిషి మీద వెక్కిరింత లేకుండానే రెండు నిమిషాలు నవ్వించవచ్చు.

ఆ బోధ ఎక్కడిదో తెలుసుకోండి

ఈ మెట్టును చాలామంది వదిలేస్తారు. నాకు మాత్రం మనసు తేలికపడటంలో ఇదే ఎక్కువ సాయపడుతుందనిపిస్తుంది. చిన్నప్పుడు అనాదిగా ఉన్నట్టు, ఆకాశం నుంచి నేరుగా దిగినట్టు కనిపించిన బోధకు ఒక ఊరు, ఒక కాలం, కొందరు మనుషులు ఉంటారు. విశ్వాసులు రహస్యంగా ముందే ఎత్తబడతారన్న బోధను ప్రచారంలోకి తెచ్చినవాడు 1830ల్లో బ్రదరెన్ ఉద్యమ నాయకుడైన జాన్ నెల్సన్ డార్బీ. 1909లో వెలువడిన స్కోఫీల్డ్ వ్యాఖ్యాన బైబిలు దానిని లోకమంతా పంచింది. క్యాథలిక్, ఆర్థడాక్స్ సంఘాలు ఈ రూపంలో దానిని బోధించవు. డార్బీది ఏ ఉద్యమమో అదే ఉద్యమానికి చెందిన బౌడెన్, బీర్ కుటుంబాలు 1836లో మన తీరానికి వచ్చి గోదావరి డెల్టాలో స్థిరపడ్డాయి. ఇది చదివిన మనిషి తన విశ్వాసం వదులుకోనవసరం లేదు. పొయ్యి మీద అన్నం చూసి వణికిన పిల్లవాడు తనను బెదిరించిన దానికి కూడా పుట్టిన తేదీ ఉందని తెలుసుకుంటాడు, అంతే. ఈ చరిత్రను వేదిక మీద పాఠంగా చెప్పకండి. ఒక్క వాక్యం సరిపోతుంది, చాలాసార్లు అదీ అవసరం ఉండదు.

ఎవరు నవ్వుతున్నారో గమనించండి

మీ ఇంటి కథ మీ ఇంటివారి మధ్య చెప్పినప్పుడు ఒక అర్థం వస్తుంది, మీ ఇంటివారిని చిన్నచూపు చూసేవారి మధ్య చెప్పినప్పుడు మరో అర్థం వస్తుంది. తెలుగు క్రైస్తవుల్లో చాలామంది దళిత కుటుంబాలవారు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితులకు ఆ హోదా ఉండదు కనుక, కాగితం మీద ఒక పేరు, సంఘంలో మరో పేరు మోసే కుటుంబాలు మనకు తెలుసు. సామాజిక మాధ్యమాల్లో క్రైస్తవులను ‘గొర్రెలు’ అని ఎగతాళి చేసేవారూ తెలుసు. అలాంటివారు గదిలో ఉన్నప్పుడు తెల్లచీర కట్టుకుని ప్రార్థనకు వెళ్ళే మీ అమ్మ మీద జోకు వేస్తే వచ్చే నవ్వు మీది కాదు, వారిది. ఆ నవ్వు ఎంత పెద్దదైనా ఆ వాక్యాన్ని కొట్టేయండి. ముస్లిం కుటుంబాల నుంచి వచ్చిన హాస్యకారులకు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం.

మరో వైపు నుంచి కూడా ఇదే ప్రశ్న వేసుకోవాలి. మడి కట్టుకున్న నాయనమ్మ ఇల్లంతా గెంతుకుంటూ తిరిగిన తీరును ముద్దైన చాదస్తంగా చెప్పడం తేలిక. గది కూడా హాయిగా నవ్వుతుంది. కాని ఆ మడి కారణంగానే పెరటి గుమ్మం అవతల నిలబడి, పైనుంచి పోసిన నీళ్ళు దోసిట పట్టి తాగిన మనిషి ఒకరు ఆ ఇంట్లో ఉండే ఉంటారు. ఆ మనిషిని కథలోంచి తప్పిస్తే మీరు బాల్యాన్ని సగమే చెప్పినట్టు. పిల్లలు దీనిని తప్పకుండా చూసి ఉంటారు, ఒక ప్రశ్న కూడా అడిగి ఉంటారు. ఆ ప్రశ్నా, ఇంట్లో వచ్చిన జవాబూ యథాతథంగా చెప్పండి.

మీది కాని మతం జోలికి పోకండి. మీ తోటి మనుషుల్లో కూడా నిజంగా అధికారం ఉన్నవారు ఎవరో, వారు చెప్పినట్టు నడుచుకున్నవారు ఎవరో వేరుగా చూడండి. కానుకల లెక్క చెప్పని సంఘ నాయకుణ్ణి ప్రశ్నించవచ్చు. జీతంలో పదో వంతు కానుక సంచిలో వేసి, నెలాఖరుకు చేబదులు అడిగిన నాన్నను ఆ పక్కనే నిలబెట్టి కొట్టకూడదు.

వేదిక ఎక్కడం

హైదరాబాదులో బంజారాహిల్స్‌లోని లామకాన్ వంటి చోట్ల, కొన్ని కేఫేల్లో కొత్తవారు కూడా వేదిక ఎక్కగల ఓపెన్ మైక్‌లు జరుగుతుంటాయి. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. కొత్తవారికి సాధారణంగా నాలుగైదు నిమిషాలు ఇస్తారు. సమయం ముగుస్తోందని వెనక నుంచి ఫోన్ లైటు వెలిగించి చూపిస్తారు, అది చూశాక వాక్యం ముగించి దిగిపోవాలి. మొదటిసారి వెళ్ళినప్పుడు ప్రేక్షకుల్లో కూర్చుని ఆ గది తీరు చూడటం మంచిది.

నాలుగు నిమిషాలకు ఒకే సంఘటన చాలు. మొదటి ముప్ఫై సెకన్లలో మీరు ఎలాంటి ఇంటి నుంచి వచ్చారో చెప్పి, చిన్న నవ్వు ఒకటి తెప్పించాలి. లేకపోతే మతం అనగానే గది బిగుసుకుపోతుంది. తెలియనివారికి అవసరమైన పదాన్ని రెండు వాక్యాల్లో వివరించండి. వివరణ పొడవైతే మరో సంఘటన ఎంచుకోండి. ప్రతిసారీ మీ గొంతును ఫోన్‌లో రికార్డు చేసుకుని మర్నాడు వినండి. ఎక్కడ నవ్వు వచ్చిందో, ఎక్కడ రాలేదో మన జ్ఞాపకం నిజాయితీగా చెప్పదు.

మౌనాలన్నీ ఒకటి కావని వినగా వినగా తెలుస్తుంది. అర్థం కాక ఊరుకున్న మౌనంలో కుర్చీలు కదులుతాయి, గ్లాసులు చప్పుడవుతాయి. దానికి మందు వివరణను సరిచేయడం. మీ కోసం కంగారుపడి ఊరుకున్న మౌనంలో ఎవరూ కదలరు. అక్కడ మీరు బాగానే ఉన్నారని వారికి తెలియాలి, కాబట్టి ఉడుకుతున్న అన్నం లాంటి వివరం ఒకటి ముందుకు జరపాలి. ఇక నొచ్చుకున్న మౌనం ఒకటుంటుంది. ఏదో ఒక మూల మొదలై వ్యాపిస్తుంది. అది వచ్చిన వాక్యాన్ని ఇంటికి వెళ్ళి జాగ్రత్తగా చదవండి. కొన్నిసార్లు ఆ నొప్పి న్యాయమైనదే ఉంటుంది, కొన్నిసార్లు మీరు నిజం చెప్పినందుకే వస్తుంది. ఈ తేడా మీ మతంలోనే కొనసాగుతున్న స్నేహితుడొకరు మీకంటే బాగా చెప్పగలరు. అలాంటి స్నేహితుణ్ణి మొదటి పాఠకుడిగా పెట్టుకోవడం ఈ పనిలో చాలా అవసరం.

చట్టం, ఫోన్లు

ఇది భయపెట్టడానికి కాదు, తెలిసి నడవడానికి. మత భావాలను గాయపరచాలన్న బుద్ధిపూర్వకమైన, దురుద్దేశంతో కూడిన మాటలకు భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు. 2024 జులై 1కి ముందు ఇదే నేరం ఐపీసీ 295ఏ కింద ఉండేది. దురుద్దేశం ఉండాలని చట్టం చెబుతున్నా, అది తేలేలోపు జరిగేది జరుగుతుంది. 2021 జనవరి 1న ఇండోర్‌లో అరెస్టయిన స్టాండప్ కమెడియన్ మునావర్ ఫారూఖీకి సుప్రీంకోర్టు ఫిబ్రవరి 5న మధ్యంతర బెయిలు ఇచ్చేదాకా జైలు తప్పలేదు. 2022 ఆగస్టులో ఆయన ప్రదర్శన హైదరాబాదు శిల్పకళావేదికలో భారీ పోలీసు బందోబస్తు మధ్య జరిగింది.

కాబట్టి ప్రేక్షకులు ఫోన్లలో చిత్రీకరించకుండా చూడమని నిర్వాహకులను ముందే అడగండి. ఇరవై సెకన్లకు కత్తిరించినా అర్థం మారని విధంగా ప్రతి ముక్కా రాయండి. పిల్లవాడి తర్కంతో రాసిన ముక్కకు ఇక్కడ కూడా ఒక మేలు ఉంది, దాన్ని ఎక్కడ కత్తిరించినా భయపడుతున్న పిల్లవాడే కనిపిస్తాడు. వీడియో ఇంటర్నెట్‌లో పెట్టడం వేరే నిర్ణయం. కనీసం ఏడాదిపాటు చెప్పి, గట్టిపడిన తర్వాతే దాని గురించి ఆలోచించండి.

ఇంటివారికి చెప్పడం

వీడియో పెట్టకపోయినా సంగతి ఇంటికి చేరుతుంది. సంఘంలోనో, గుడి దగ్గరో ఎవరో ఒకరు మీ అమ్మను ఆపి అడుగుతారు. ఆమె ఆ మాట మొదట మీ నోటి నుంచే వినాలి. ఫోన్‌లో కాకుండా ఎదురుగా కూర్చుని, మీరు చెబుతున్న కథలో ఆమె ఉన్నదని, ఏ సంఘటన చెబుతున్నారో, ఎందుకు చెబుతున్నారో చెప్పండి. ‘నీ మీద జోకులేస్తున్నాను’ అని మొదలుపెట్టకండి. ‘ఆ రోజు నువ్వు పక్కింట్లో ఉంటే నేనెంత భయపడ్డానో నీకెప్పుడూ చెప్పలేదమ్మా’ అని మొదలుపెట్టండి. చాలామంది తల్లిదండ్రులకు ఆ భయం సంగతి అప్పటిదాకా తెలిసి ఉండదు. వారిలో కొందరు నొచ్చుకుంటారు, కొందరు వాదిస్తారు. కొందరు తమ చిన్నప్పుడు తాము కూడా అలాగే పరిగెత్తామని చెబుతారు. ఆ మూడో జవాబు వస్తే నోటు పుస్తకం దగ్గర పెట్టుకోండి.

ఆమె కోరితే ముక్కను మైకు లేకుండా, మామూలు గొంతుతో చెప్పి వినిపించండి. మధ్యలో ఆపి వివరాలు సరిచేస్తుంది. అది రుబ్బురోలు కాదు, అప్పటికే గ్రైండరు వచ్చిందంటుంది. పప్పు గిన్నె కాదు, ఉప్పు కోసం లోపలికి వెళ్ళానంటుంది. సరిచేసినవన్నీ స్క్రిప్టులో సరిచేసుకోండి. నాన్న సిగరెట్ల సంగతి వద్దంటే ఆ వాక్యం తీసేసి, పిల్లవాడు నాన్న దగ్గరికి ఎందుకు వెళ్ళలేదో మరో కారణం వెతకండి. ఆమె ససేమిరా ఒప్పుకోకపోతే ఆమె పాత్రను తగ్గించి, కథను పాస్టరమ్మగారి ఇంటి దగ్గర ముగించవచ్చు. మీ భయం మీది, దానిని చెప్పుకునే హక్కు మీదే. ఆమె వంటగదిలోకి ప్రేక్షకులను తీసుకెళ్ళడానికి మాత్రం ఆమె అనుమతి కావాలి.